సీటు వచ్చింది, చేతిలో డబ్బు లేదు: మా అమ్మాయిని నూజివీడు ట్రిపుల్ ఐటీకి పంపిన అనుభవం

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అమ్మాయి మొన్ననే మళ్లీ నూజివీడు వెళ్లింది. పండగ నాలుగు రోజులూ మా ఊరి ఆడవాళ్లు, పక్క ఊళ్ల చుట్టాలు ఒకటే అడిగారు. ట్రిపుల్ ఐటీలో ఎలా వేశారు, ఎంతయింది, ఏ కాగితాలు కావాలి అని. అందరూ అడిగేది సీటు గురించే. సీటు వచ్చిందని తెలిశాక, పిల్ల ఆ గేటు లోపలికి వెళ్లే దాకా మధ్యలో ఏం జరిగిందో ఎవరూ అడగరు. నాకు నిద్ర లేకుండా చేసింది ఆ రోజులే. అందుకని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా మామగారు చిన్నప్పటి నుంచి ఒకే ఆసామి ఇంట్లో పాలేరుతనం చేశారు, ఏడాదికి ఇన్ని బస్తాలని మాట. మా ఆయన ఎనిమిదో తరగతితో బడి మానేసి కూలికి వెళ్లారు, ఇప్పుడు రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. నేను పది పాసయ్యాను. ఇంటర్‌లో చేరాల్సిన జూన్‌లో మా నాన్నకు జబ్బు చేసింది. ఇంట్లో రెండు వేలు లేవు. ఆ ఏడాది ఆగి వచ్చే ఏడాది చేరదువుగాని అన్నారు. ఆ వచ్చే ఏడాదికి నాకు పెళ్లయింది.

జూన్ అంటే మా డెల్టాలో ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్‌లో, మే మొదట్లో అయిపోతాయి. ఆ తర్వాత కూలి పని ఉండదు. కాలువలకు నీళ్లు వదిలి, నారుమళ్లు పోసి, సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు మొదలయ్యే దాకా చేతులు ఖాళీ. సరిగ్గా అప్పుడే దుక్కి ఖర్చు, విత్తనాల ఖర్చు, బళ్లు తెరిచే ఖర్చు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మా ఇంట్లో మా ఆయన చదువూ, నా చదువూ, మా ఆడపడుచు చదువూ ఆగింది జూన్‌లోనే. ఎవరూ చదవలేక మానలేదు. ఆ నెలలో చేతిలో డబ్బు లేక మానేశాం.

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం వారి మన మిత్ర వాట్సాప్‌లో మా అమ్మాయే హాల్ టికెట్ నంబరు కొట్టి చూసుకుంది. 600కు 583. నేను అప్పుడు ఉపాధి పనిలో ఉన్నాను. గట్టు మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి చెబుతుంటే ముందు ఏదో ప్రమాదం అనుకుని నా గుండె జారిపోయింది.

సాయంత్రం హైస్కూలు మ్యాథ్స్ సారు బండి మీద ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, మొట్టమొదట అన్న మాట ఇది: "అమ్మా, రేపటి నుంచి కాలేజీల వాళ్లు వస్తారు. ఎవరికీ మాట ఇవ్వకండి, అడ్వాన్సు కట్టకండి." ఆయన చెప్పినట్టే మర్నాటి నుంచి వచ్చారు. సగం ఫీజు అన్నారు, హాస్టల్ ఫ్రీ అన్నారు. లెక్క వేస్తే ఫ్రీ అయ్యేది మొదటి ఏడాదే.

ట్రిపుల్ ఐటీ సంగతి పూర్తిగా చెప్పింది ఆ సారే. ఎంట్రన్స్ లేదు, కోచింగ్ అక్కర్లేదు, పది మార్కులే లెక్క. ఊళ్లల్లో చదివే పిల్లల కోసమే 2008లో పెట్టారు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదువు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగు చోట్లా కలిపి ఈడబ్ల్యూఎస్ సీట్లతో సహా 4,400 సీట్లు. హాస్టలు లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు నాలుగు శాతం అదనంగా కలుపుతారు. ఈ చివరి మాట వినగానే మా ఆయన నా వైపు చూశారు. ఎందుకంటే అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా టౌన్లో ప్రైవేటు బడిలో వేద్దామని ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఏడాదికి పాతిక వేలు అన్నారు, మా వల్ల కాలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంచేశాం. పిల్లకి తక్కువ చేశానేమోనని మూడేళ్లు నాలో నేను కుమిలిపోయాను. ఆ బడే దానికి నాలుగు శాతం ఇచ్చింది.

ఆ బడి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నాట్ల రోజుల్లో నేను తెల్లవారుజామునే బయల్దేరితే మధ్యాహ్నం రెండింటికి గాని రాను. పిల్లలిద్దరి మధ్యాహ్నం తిండి గురించి నేను దిగులు పెట్టుకోవలసిన అవసరం లేకపోయింది. ఇప్పుడు బడి భోజనానికి మా కోనసీమ ఆడపడుచు, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పళ్లెం కోసం నేను ఏ దరఖాస్తూ రాయలేదు, ఏ సర్టిఫికెట్టూ చూపించలేదు. పిల్ల బడికి వెళ్తే చాలు, అన్నం పెట్టారు. పుస్తకాలూ అంతే. ఇది ఎందుకు చెబుతున్నానో కింద చదివితే అర్థమవుతుంది.

మే నెలలో ఆన్‌లైన్ సెంటర్లో అప్లికేషన్ పెట్టాం. కష్టమేమీ లేదు. నాలుగు క్యాంపస్‌ల వరస మాత్రం ఇంట్లోనే ఆలోచించి పెట్టుకుని వెళ్లండి. అక్కడ వెనక పది మంది నిలబడి ఉంటే తొందరలో ఏదో ఒకటి చెప్పేస్తాం. మేం నూజివీడు మొదట పెట్టాం, మాకు దగ్గర అదే.

అసలు కథ జూన్‌లో మొదలైంది.

మాకు మూడు వైపుల నుంచి డబ్బు రావాలి. ఒకటి దాళ్వా ధాన్యం డబ్బు. రెండు నేను వేసవిలో చేసిన ఉపాధి పని డబ్బు. మూడు తల్లికి వందనం, చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు. పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ ఇస్తామన్నారు, ఒక్కొక్కరికి పదిహేను వేలలో బడి నిర్వహణకు రెండు వేలు పోను పదమూడు వేలు తల్లి ఖాతాలో పడుతుంది. మాకు ఇద్దరు పిల్లలు కాబట్టి ఇరవై ఆరు వేలు. కాగితం మీద చూస్తే ఆ జూన్‌లో మాకు లోటు ఉండకూడదు.

ధాన్యం డబ్బు సంగతి ముందు చెబుతాను. కౌలు రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. భూమి ఆసామిది, ఈ-క్రాప్ పంట నమోదులో పేరు ఆసామిది, కాబట్టి మద్దతు ధరకు అమ్మిన డబ్బు పడేదీ ఆసామి ఖాతాలోనే. అప్పుడు 75 కిలోల బస్తాకు 1,725 రూపాయలు. పండించింది మేమైనా ఆ డబ్బు ఎప్పుడు పడిందో మాకు తెలిసే దారి లేదు. మా ఆసామి గారు హైదరాబాద్‌లో పిల్లల దగ్గర ఉంటారు. మంచి మనిషే, ఎగ్గొట్టే రకం కాదు. కానీ "ఇంకా పడలేదయ్యా" అని ఆయన ఫోన్‌లో అంటే, సరేనండీ అనడం తప్ప మా ఆయన ఏమనగలరు? పడ్డాక కూడా ఎకరానికి ముప్పై బస్తాల కౌలు లెక్క చూసుకుని మిగిలింది పంపాలి. ఉపాధి డబ్బూ ఆగి ఆగి కొంచెం కొంచెంగా పడుతోంది.

జూన్ 12న తల్లికి వందనం డబ్బు పడడం మొదలైంది. మా వీధిలో ఒక్కొక్కరి ఫోన్లూ మోగుతున్నాయి. నా ఫోన్ మోగలేదు. రెండు రోజులు చూసి మా ఊరి సచివాలయానికి వెళ్లాను. వెల్ఫేర్ అసిస్టెంట్ అబ్బాయి నా ఆధార్ నంబరు కొట్టి, కాసేపు చూసి, "అక్కా, మీది అనర్హుల జాబితాలో ఉంది. కరెంటు 300 యూనిట్లు దాటింది" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక టీవీ. నెలకు అరవై యూనిట్లు కాలితే గొప్ప. అదే చెప్పాను. ఆ అబ్బాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. మా ఆయన ఆధార్ మీద రెండు సర్వీసు నంబర్లు ఉన్నాయి. ఒకటి మా ఇంటిది. రెండోది వేరే ఊళ్లో ఉన్న ఒక మేడది, నెలకు సగటున ఆరు వందల యూనిట్ల పైనే. ఆ మేడ ఎవరిదో మా ఆయనకు చెప్పగానే తెలిసింది. రెండేళ్ల కిందట ఆయన రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్లారు. పనిలో చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. ఆ చెరువుల ఆసామి ఇల్లు అది. ఎవరు ఎక్కించారో, కావాలని చేశారో పొరపాటున జరిగిందో ఇప్పటికీ మాకు చెప్పినవాళ్లు లేరు. మూడు ఏసీలున్న ఇంటి కరెంటు బిల్లు మా పిల్లల చదువుకు అడ్డం పడింది, అంతే.

ఇలా ఎవరికైనా జరిగితే ఏం చేయాలో చెబుతాను. ముందు సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టించి దాని నంబరు రాయించుకోవాలి. నోటి మాటగా చెప్పి వచ్చేస్తే అది లెక్కలోకి రాదు. తర్వాత కరెంటు ఆఫీసుకు వెళ్లి, ఆ సర్వీసు నంబరు మాది కాదు, మా ఆధార్ తీసేయండి అని అర్జీ ఇవ్వాలి. మన ఇంటి బిల్లు, ఆధార్ జిరాక్స్ జత చేయాలి. ఇక్కడ మాకు తెలియని ఇబ్బంది ఒకటి వచ్చింది. మా ఆధార్ ఊరికే తీసేయలేమని, దాని చోట ఆ మీటరు అసలు మనిషి ఆధార్ పెట్టాలని అన్నారు. అంటే మా డబ్బు మాకు రావాలంటే ఆ మేడ గలాయన తన ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. మా ఆయన ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఊళ్లో లేనన్నారు, వచ్చాక ఇస్తానన్నారు. ఆయనకు తొందరేముంది?

జూన్ ఆఖరి వారంలో ట్రిపుల్ ఐటీ లిస్టు వచ్చింది. నూజివీడు. మా అమ్మాయి పేరు ఉంది. నెలాఖరుకే సర్టిఫికెట్లతో రమ్మన్నారు.

ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. పిల్లలు పడుకున్నాక మా ఆయన, నేను, మా అత్తగారు వాకిట్లో కూర్చున్నాం. కట్టాల్సిన డబ్బు పెద్దది కాదు. ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ రానివాళ్లకైతే పీయూసీకి ఏడాదికి 45 వేలు, బీటెక్‌కు 50 వేలు. మా రైస్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్ సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఆ భారం మా మీద లేదు. మాకు కావలసింది పెట్టె, పరుపు, బట్టలు, బస్సు ఛార్జీలు, చేరేటప్పటి ఫీజులు, పిల్ల చేతిలో కొంత. మా ఆయన వేళ్ల మీద లెక్క పెట్టి, పదిహేను వేలు ఉంటే గట్టెక్కుతాం అన్నారు. ఇంట్లో ఉన్నది పదకొండు వందలు.

మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈ ఏడాది ఆపి వచ్చే ఏడాది పంపితే?" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడకు తెలిసిన దారి అది. కానీ ఆ మాట నాకు పదహారేళ్లప్పుడు విన్న మాటే. నాకు ఒళ్లు వణికింది.

మా ఆయన అయిదు రూపాయల వడ్డీకి తెస్తానన్నారు. నూటికి నెలకు అయిదు. పదిహేను వేలకు నెలకు ఏడు వందల యాభై వడ్డీకే పోతుంది. మా మామగారి అప్పు మా పెళ్లయ్యాక కూడా తీర్చాం, ఆ రుచి నాకు తెలుసు. నేనైతే కువైట్ వెళ్తానన్నాను. మా అక్క అక్కడ ఇంటి పనికి వెళ్లి ఎనిమిదేళ్లయింది, ఆవిడ పంపిన డబ్బుతోనే వాళ్ల ఇల్లు లేచింది. కోనసీమలో ఇలాంటి ఇల్లు లేని వీధి ఉండదు. నాకు పాస్‌పోర్టు కూడా ఉంది. పక్క గదిలో అమ్మాయి మేలుకునే ఉందట. లేచి వచ్చి, "నువ్వు కువైట్ వెళ్తే తమ్ముడికి అన్నం ఎవరు పెడతారు? నేను నూజివీడు వెళ్లను" అంది. ఆ మాట విన్నాక నాకు తెల్లవారే దాకా కన్ను మూతపడలేదు. పిల్ల చదువు కోసం నేను వెళ్లాలి, నేను వెళ్తే పిల్ల చదువు మానాలి. మా అక్క పెద్ద కూతురు అలాగే మానేసింది.

మర్నాడు మా డ్వాక్రా గ్రూపు మీటింగ్. పొదుపు కట్టడానికి వెళ్లాను, అడగడానికి వెళ్లలేదు. మాది పది మంది గ్రూపు. బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు, కొత్తది రాదు. ఒకావిడ వాయిదాలు బకాయి పడడంతో మిగతా దారులూ మూసుకుపోయాయి. నా ముఖం చూసి మా లీడరు వదిన ఏమైందని అడిగింది. చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే, "మన పొదుపు ఉంది కదా, అందులోంచి ఇద్దాం" అంది.

అంత తేలిగ్గా అవలేదు. ఒకావిడ తన ఆపరేషన్‌కు అడిగినప్పుడు ఇవ్వలేదు కదా అంది. నిజమే, అప్పుడు పొదుపు తక్కువ ఉంది, ఇవ్వలేకపోయాం. ఆవిడ బాధలో న్యాయం ఉంది. అరగంట వాదన అయింది. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడు మా గ్రూపులో అందరికంటే పెద్దావిడ, రోజుకో రూపాయి పొదుపు చేసిన కాలం నుంచి సంఘంలో ఉన్నావిడ, ఆ ఆపరేషన్ అయినావిడ చెయ్యి పట్టుకుని, "నీకు ఇవ్వకపోవడం తప్పేనే. దానికి కూడా ఇవ్వకపోతే తప్పు రెండవుతుంది" అంది. ఆవిడే ముందుగా తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టింది. పదిహేను వేలు, నూటికి రూపాయి వడ్డీ, పది వాయిదాలు. బ్యాంకు నుంచి తీసి మూడో రోజున నా చేతిలో పెట్టారు. వడ్డీ నెలకు నూట యాభై. అయిదు రూపాయల వడ్డీతో పోల్చుకుంటే నెలకు ఆరు వందల తేడా. మా ఇంట్లో ఆరు వందలంటే పదిహేను రోజుల కూరలు.

ఖర్చు ఎంతయిందో చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ట్రంకు పెట్టె 1,900, పరుపూ దిండూ 900, దుప్పట్లు, బకెట్టు, చిన్న సామాను కలిపి 700, బట్టలు 2,500, చెప్పులు బూట్లు 600. జిరాక్సులు, ఫోటోలకే నాలుగు వందలు అవుతాయని ఎవరూ అనుకోరు, అయ్యాయి. అనుకోనిది ఇంకొకటి, కళ్లజోడు. బోర్డు మీద అక్షరాలు మసకగా కనిపిస్తాయని పిల్ల అప్పుడు చెప్పింది. పదో తరగతి అంతా ముందు బెంచీలో కూర్చుని నెట్టుకొచ్చిందట, చెబితే ఖర్చని చెప్పలేదట. 1,200 అయింది. అక్కడ చేరేటప్పుడు కట్టినవి, ముగ్గురి ప్రయాణం, తిండి, పిల్ల చేతికి ఇచ్చిన వెయ్యి, అన్నీ కలిపి పద్నాలుగు వేల చిల్లర. ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువుకు గుమ్మం దగ్గర అడ్డం నిలబడింది ఈ పద్నాలుగు వేలే.

రాజోలులో తెల్లవారుజామున బస్సెక్కి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం, ఏలూరు, అక్కడి నుంచి నూజివీడు. పెట్టెతో బస్సులు మారడం కష్టం, ముందు రోజే బయల్దేరితే మంచిది. సర్టిఫికెట్ల పని సాఫీగా జరిగింది. ఒరిజినల్స్ అక్కడే ఇచ్చేస్తాం కాబట్టి ఇంటి దగ్గరే మూడు నాలుగు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏ పథకానికైనా అవే కావాలి. పిల్ల పేరు, తండ్రి పేరు పది మెమోలో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మా ముందు నిలబడిన ఒకాయన ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకు చెమటలు కక్కుతున్నారు.

క్లాసులు మొదలయ్యే ముందు దింపడానికి మళ్లీ వెళ్లాం. మా ఆయన పెట్టె భుజాన పెట్టుకుని లోపల నడుస్తూ ఆ బిల్డింగుల వంకే చూస్తున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భీమవరం దాకా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మొదటి నెల పిల్లకు చాలా కష్టమైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఏడుపే. ఇక్కడ అందరూ 580, 590 వాళ్లేనమ్మా, నేను వెనకబడిపోతున్నాను అనేది. ఇక్కడి నుంచి నేను ఏం చెప్పగలను? మ్యాథ్స్ సారుకు చెబితే ఆయనే వారం వారం ఫోన్ చేసి మాట్లాడారు. దసరాకు వచ్చేసరికి మనిషి కుదుటపడింది. బడిలో పని అయిపోయాక కూడా పిల్లను వదిలిపెట్టని ఆ సారుకు ఎవరూ జీతం ఎక్కువ ఇవ్వలేదు.

ఆగస్టు 15 నుంచి మా ప్రాణం కొంత హాయిగా ఉంది. స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అంతకు ముందు పిల్లను చూసి రావాలంటే కూలి పోవడమే కాకుండా ఛార్జీలూ పోయేవి. ఇప్పుడు పచ్చడి, సున్నుండలు పట్టుకుని నెలకోసారి వెళ్తున్నాను. బడి అన్నానికీ, ఈ టికెట్టుకూ, మార్కులు చూసి ఇచ్చిన సీటుకూ మేం బీదవాళ్లమని ఎవరికీ నిరూపించుకోనక్కర్లేదు. అవి అనుకున్న రోజున అందాయి, మమ్మల్ని నిలబెట్టాయి. నిరూపించుకోమన్న సాయం పెద్దదే, కాదనను. అది వచ్చేసరికి దాని అవసరం ఉన్న నెల దాటిపోయింది.

మేడ గలాయన ఆధార్ జిరాక్స్ జూలైలో ఇచ్చారు. కరెంటు ఆఫీసులో మార్పు జరిగి, అది సచివాలయం కంప్యూటర్‌లో కనిపించేసరికి ఆగస్టు సగం అయింది. అర్హుల జాబితాలోకి వచ్చాక కూడా డబ్బు పడలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, మనం ఇచ్చిన ఖాతాలో కాదు, ఆధార్‌కు లింకైన ఖాతాలో (ఎన్‌పీసీఐ లింకు అంటారు) పడుతుందన్నారు. నాది ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత ఖాతాకు లింకై ఉంది, అది పనిచేయడం లేదు. బ్యాంకులో ఫారం ఇచ్చి మార్పించుకున్నాను. దసరా ముందు ఇరవై ఆరు వేలూ ఒకేసారి పడ్డాయి. గ్రూపు అప్పు మిగిలినదంతా ఆ రోజే కట్టేశాను. కళ్లు చెమర్చాయి, అబద్ధం చెప్పను. ఆ డబ్బు మాకు చాలా పెద్దది. జూన్‌లో అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే అందులో రెండు వేల పైనే వడ్డీకి పోయేది.

ధాన్యం డబ్బు జూలైలో వచ్చింది. ఈసారైనా మన పేరున కార్డు ఉండాలని సార్వా మొదట్లో ఆసామి గారిని అడిగాం. పంట సాగుదారు హక్కు పత్రం అది, పదకొండు నెలలకు ఇస్తారు, 2019 చట్టంలోనే ఉంది. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే. మా ఆయన ఆ కాగితం చదివి వినిపించారు. ఆసామి గారు సంతకం పెట్టలేదు. "నీ మీద నమ్మకం లేక కాదయ్యా, మా అబ్బాయిలు వద్దంటున్నారు" అన్నారు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా మీదుగానే వెళ్లింది. ఈనిన చేను నేలకు ఒరిగిపోయింది. నష్టం రాయడానికి వచ్చినవాళ్లు ఎవరి పేరున ఈ-క్రాప్ ఉందో ఆ పేరే రాసుకున్నారు. పెట్టుబడి మాది, నష్టం మాది. కార్డుకు భూమి గలవాళ్ల సంతకం కావాలన్న షరతు ఉన్నంత కాలం మాలాంటి ఇల్లు ఒక్క గాలివానకు మళ్లీ మొదటికి వస్తుంది. ఊళ్లో సాగు చేసేది ఎవరో అందరికీ తెలుసు. గ్రామసభలో నలుగురు సాక్ష్యం చెబితే చాలదా అన్నది నా ప్రశ్న. పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆలోచించండి.

పండగ వెళ్లగానే మా గ్రూపు వాళ్లమంతా కలిసి సచివాలయానికి వెళ్లాం. జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే ఒక్కొక్కరి ఆధార్ కొట్టించి మీటరు, భూమి, బ్యాంకు లింకు అన్నీ చూపించుకున్నాం. ఇద్దరికి తేడాలు బయటపడ్డాయి. ఒకావిడకు చనిపోయిన మామగారి పేరున ఉన్న కారు కనిపిస్తోంది, ఆ ఇంట్లో సైకిల్ తప్ప ఏమీ లేదు. ఇంకొకావిడకు నాలాగే పాత ఖాతా లింకై ఉంది. ఇద్దరి చేతా అర్జీలు పెట్టించి నంబర్లు తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. పొదుపు కూడా నెలకు వంద పెంచాం, ఆ పెంచిన డబ్బు జూన్‌లో పిల్లల్ని చేర్చే ఇళ్లకే అప్పుగా ఇవ్వాలని రాసుకున్నాం. ఈ జూన్‌లో మా గ్రూపులో ఇద్దరి పిల్లలు పది పాసై బయటకు వస్తారు.